రవ్వలడ్డు ముందు నా సిద్ధాంతం

ఫోనులో ఇంటర్నెట్ చవకైన ఆ రోజుల్లో మనిషికి తెలియని విషయమంటూ ఉండేది కాదు. పొద్దున చదివింది మధ్యాహ్నానికి మన సొంత అభిప్రాయమైపోయేది, సాయంత్రానికి దాని కోసం ప్రాణమిచ్చేంత వరకూ వెళ్ళేది. నేనప్పుడు రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుని. అంటే పిల్లలు వాడి వదిలేసిన గాజు గొట్టాలు కడిగేవాణ్ణి. అయినా మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో నేనే శాస్త్రవేత్తని. ఒకరోజు పంచదార గురించి ఏదో చదివి, అది తిండి కాదు, మత్తుమందు అని గ్రూపులో ప్రకటించాను. సారాకి అలవాటు పడ్డవాడికీ పంచదారకి అలవాటు పడ్డవాడికీ మెదడులో జరిగేది ఒకటేనని విదేశాల్లో తేల్చేశారని రాశాను (ఎవరు తేల్చారని అడక్కండి, నేనూ అడగలేదు). బెల్లమైనా అంతేనని కూడా రాశాను, ఎవరైనా ఆ సందులోంచి తప్పించుకుంటారేమోనని.

అందరూ దండం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు, మా గరివిడి బావ తప్ప. బావంటే మా అక్క మొగుడు, ఫ్యాక్టరీలో పని. షిఫ్టు దిగి వచ్చి, పాకంలాంటి టీ తాగుతూ, ఆ గ్లాసు ఫోటో నా పోస్టు కింద పెట్టేవాడు. తీపి వట్టి తిండే, ఎవరైనా ఎప్పుడంటే అప్పుడు ఆపగలరని అతని వాదన. మాటకు మాట పెరిగింది. మా వాదన చదవలేక పెద్దత్త గ్రూపులోంచి వెళ్ళిపోతే బతిమాలి తీసుకొచ్చాం. చివరికి ఉక్రోషం పట్టలేక నేనో శపథం చేశాను. ఇక పంచదార ముట్టను, ముట్టిన రోజున బావ చెప్పిందే రైటని ఇదే గ్రూపులో రాస్తాను అని.

మానేశాక రెండో రోజుకే తల పగిలిపోయింది. ల్యాబులో గొట్టాలు పగిలాయి, ఇంట్లో అమ్మ మీద విసుక్కున్నాను. అయినా ఆ తలనొప్పి నాకు ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేను. చూశారా, మత్తు దిగుతోంది, ఇదే రుజువు అని గ్రూపులో రాశాను. బావ వెంటనే వాయిస్ మెసేజ్ పంపాడు. “ఒరే, మానేత్తే తలనొప్పి వచ్చీదంతా మత్తేనేటిరా? మీ అక్క పుట్టింటికెల్తే నాకూ తలనొప్పే వస్తాది. మరి మీ అక్క కూడా మత్తుమందేనా?” దీనికి అందరూ నవ్వారు. అక్క అయితే ఎర్రటి గుండె బొమ్మలు పెట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎస్.కోట సంబంధం వచ్చింది. అమ్మ, అక్క, బావ, నేను పెళ్ళిచూపులకి వెళ్ళాం. అమ్మాయి నా ఉద్యోగం గురించి అడిగితే, కెమిస్ట్రీ డిపార్టుమెంటులో అని గొంతు సవరించుకున్నాను. పాఠాలు చెప్తారా అంది. ఆ కళ్ళ ముందు అబద్ధం రాలేదు, గాజు గొట్టాలు కడుగుతానన్నాను. ఆమె పైట చెంగు అడ్డం పెట్టుకోకుండా హాయిగా నవ్వేసింది. నా పని అక్కడితో అయిపోయింది. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలి అనుకున్నాను.

అప్పుడొచ్చింది పళ్ళెం. ఒక పక్క జంతికలు, ఒక పక్క రవ్వలడ్లు. మా ఇళ్ళల్లో పిల్ల నచ్చిందని పెళ్ళికొడుకు నోటితో చెప్పడు. తీపి తింటే నచ్చినట్టు, కారంతో సరిపెట్టుకుని లేస్తే వేరే ఇల్లు చూసుకోమన్నట్టు. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసి తెలిసీ లడ్డు వైపు చెయ్యి చాపబోతే, ఎదురుగా బావ ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. చెయ్యి జంతిక మీదకి మళ్ళింది. ఒకటి తిన్నాను. ఇంకొకటి తిన్నాను. అమ్మ మోచేత్తో పొడిచింది. అమ్మాయి తండ్రి ముఖం వాడిపోయింది. నేను పంచదార తిననండి, అది వ్యసనం అని నసిగాను. పోనీ లోపల బెల్లం ముక్క ఉందన్నారాయన. బెల్లమూ అంతేనండి అన్నాను (అంతా రాసుకున్నది నేనే కదా). ఆయన నెమ్మదిగా పళ్ళెం వెనక్కి లాక్కోసాగారు.

అప్పుడు అమ్మాయి నా వైపు తిన్నగా చూసి అంది. “ఇష్టమైనవి మానీడం మీకు అలవాటేటండి?”

ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పళ్ళెం పూర్తిగా వెనక్కి వెళ్ళకముందే అందుకుని ఒక లడ్డు నోట్లో వేసుకున్నాను. నెయ్యి, యాలకులు, జీడిపప్పు, అన్నిటికీ మించి పంచదార. అంతకాలం నోరు కట్టేసుకున్నవాడికి అదేం రుచో మీకు నేను చెప్పలేను. నా ప్రమేయం లేకుండానే చెయ్యి రెండోదాని మీదకి పోయింది, ఆ తర్వాత మూడోదాని మీదకి. అమ్మాయి తండ్రి ఆనందం పట్టలేక పళ్ళెం మొత్తం నా ఒళ్ళో పెట్టేశారు.

తిరిగొచ్చే బస్సులో మాట ప్రకారం గ్రూపులో రాశాను, బావ చెప్పిందే రైటని. పక్క సీట్లో కూర్చున్న బావ, నేను లడ్డు తింటుండగా తీసిన ఫోటో పెట్టి కింద రాశాడు, “ఒకటి తిని ఆగుంటే నేను గెలిసినట్టు. మూడు తినీసాడు. ఈడు సెప్పిందే నిజవేమో.” అలా ఇద్దరం ఒకేసారి ఓడిపోయి ఆ వాదన ముగించాం. మాఘంలో పెళ్ళి అయింది.

ఈమధ్య మా ఆవిడా నేనూ గరివిడి వెళ్ళాం. డాక్టరు చెప్పాడని బావ పంచదార పూర్తిగా మానేశాడు. పోస్టూ లేదు, శపథమూ లేదు, మానేశాడంతే. అక్క అతనికి విడిగా తెచ్చిన చప్పటి టీ చూసి నాకూ అదే ఇమ్మన్నాను. తలనొప్పి వచ్చిందా బావా అని అడిగాను. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. “వచ్చిందిరా. మీ అక్క ఇంట్లోనే ఉన్నాది, అయినా వచ్చింది.”

ఇన్నేళ్ళకి గెలిచానన్నమాట. ఆ రోజుల్లో గొట్టాలు కడిగిన కుర్రాడైతే టీ చల్లారేలోగా ఆ ముక్క గ్రూపులో పెట్టేసేవాడు. నేను మాత్రం ఫోను జేబులోనే ఉంచుకుని, బావతో పాటు ఆ చప్పటి టీ చివరి గుక్క దాకా తాగాను.