మైకు వదలని హారిబ్ మామ

మా హారిబ్ మామ పడవెక్కాడంటే రేడియో మైకు వదలడు. సూర్ రేవులో ఇంజను మోగింది మొదలు తిరిగొచ్చి తాడు కట్టేదాకా, పడవలో జరిగే ప్రతి విషయమూ మైకులో చెప్పాల్సిందే. చుట్టుపక్కల పడవలన్నీ వినాల్సిందే.

చేపలు దొరికే చోటు తెలిస్తే మా ఊళ్ళో ఎవరూ సొంత తమ్ముడికైనా చెప్పరు. మామ మాత్రం నీటిమీద నాలుగు పక్షులు కనబడితే చాలు, "రాస్ అల్ హద్దుకు తూర్పున పక్షులు దిగుతున్నాయహో! కింద ట్యూనాలు నీళ్ళను ఉడికించేస్తున్నాయి!" అని మొదలెట్టేవాడు. మేం గాలం వేసేలోపు పడవలన్నీ పెళ్ళిభోజనానికి వచ్చినట్టు వచ్చి వాలేవి.

"మామా, నీకు దణ్ణం పెడతాను. చేప పడవలోకి వచ్చాక చెప్పు."

"అప్పుడు చెప్తే అందులో రుచేముందిరా అల్లుడూ?"

అదైనా భరించేవాణ్ణి. చేపలు లేనప్పుడు నన్ను పట్టుకునేవాడు. "మా అక్క కొడుకు సినాన్ ఇప్పుడే రొట్టె తిన్నాడు. టోపీ పెట్టుకోమంటే వినడం లేదు. ఇదిగో, వాంతి చేసుకుంటున్నాడు. పర్లేదు, లేచాడు. నీళ్ళు తాగాడు."

శుక్ర, శనివారాలు మాకు సెలవు; శుక్రవారం నాటి ఈ ప్రసారం ఆదివారం ఆఫీసు తెరిచేసరికల్లా అక్కడికి చేరేది. "ఏం సినాన్, కడుపు కుదుటపడిందా?" అని కాపలాదారు దగ్గర్నుంచి పెద్దసారు దాకా పలకరింపులే. పెళ్ళి సంబంధం చూడ్డానికి ఒకింటికి వెళితే, పిల్ల తండ్రి నన్ను ఎగాదిగా చూసి, "ఆ వాంతుల అబ్బాయివి నువ్వేనా?" అన్నాడు. ఆ సంబంధం అక్కడితో సరి.

రేడియోలో అందరికంటే ఎక్కువ విసుక్కునేది మర్హూన్. పెద్ద పడవ, అంతకంటే పెద్ద గొంతు. "హారిబూ! నీ నోటికి లంగరు లేదా?" అని అరిచేవాడు. "ఉంది మర్హూన్, తాడే చాల్లేదు" అనేవాడు మామ. మళ్ళీ మొదలు.

ఒక శుక్రవారం పొద్దున ఒడ్డు కనుమరుగయ్యేంత దూరం వెళ్ళాం. వెనకాల లాగుతున్న ఎరల్లో ఒకదాన్ని ఏదో ఒక్క ఊపున లాక్కుపోయింది. రీలు కీచుమంది. దూరంగా నీళ్ళు చీల్చుకుని ఒక మార్లిన్ లేచింది. ఈటెలాంటి ముక్కు, నీలం వీపు. మా పడవంత ఉందని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. పుట్టి బుద్ధెరిగాక నేను కలలుగన్న చేప అది.

నడుముకు పట్టీ బిగించి గాలపు కర్ర పట్టుకున్నాను. మామ ఒక చేత్తో పడవ తిప్పుతూ రెండో చేత్తో మైకు పట్టుకున్నాడు. "లేచింది! తోకమీద నడుస్తోంది! మా సినాన్ కాళ్ళు వణుకుతున్నాయి, అయినా వదల్లేదు!"

"మామా, మైకు పెట్టేసి పడవ చూసుకో!"

"చూస్తున్నాగా! సినాన్ అరుస్తున్నాడు, అంటే బాగానే ఉన్నాడు!"

అంతలో చేప పక్కకు మళ్ళింది. దాంతోపాటు నేనూ గిర్రున తిరిగాను. నా కర్ర మొదలు మైకు తీగను తగులుకుని ఒక్క గుంజు గుంజింది. తీగ తెగిపోయి మైకు బుడుంగుమని నీళ్ళలో పడింది.

ఆహా, ఎంత హాయి! అలల చప్పుడు అంత బాగుంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

మామ ముఖం మాత్రం సున్నం కొట్టినట్టయింది. "అల్లుడూ, వెనక్కి వెళ్ళిపోదాం."

"చేప?"

"వదిలెయ్."

"పిచ్చా నీకు? అలిసిపోయింది, దగ్గరికొస్తోంది!"

"ఇంకా గంట పడుతుందిరా. అంతసేపు కుదరదు." అంటూ నడుమున ఉన్న కత్తి తీసి, నేను కళ్ళప్పగించి చూస్తుండగానే గాలపు దారం కోసేశాడు.

దారిపొడుగునా తిట్టాను. నాకు తెలిసిన తిట్లయిపోతే కొత్తవి కల్పించుకున్నాను. ఊరంతా సొద చెప్పుకోవడానికి మైకు లేకపోతే బతకలేవా అన్నాను. మామ ఇంజన్లు రెండూ పగిలిపోయేట్టు తోలాడు.

రేవు కనబడింది. గట్టుమీద మా అమ్మ. కాళ్ళకు చెప్పుల్లేవు. చేతిలో చిన్న రేడియో. పక్కనే ఒక పడవవాడి చొక్కా పట్టుకుని, "ఇంజను వేస్తావా, నన్ను వేయమంటావా?" అని గద్దిస్తోంది.

మమ్మల్ని చూసి వాణ్ణి వదిలి, మామ మీద పడింది. "నోరు పడిపోయిందేంట్రా నీకు? చేప లేచిందన్నావు, కాళ్ళు వణుకుతున్నాయన్నావు, ఆపైన చప్పుడు లేదు!"

"మైకు పోయిందక్కా."

"వీడు పోయాడనుకున్నాను!"

అప్పుడుగానీ నాకు సంగతి తెలియలేదు. నా చిన్నప్పుడు ఇంజను చెడి నాన్న రెండు రోజులు సముద్రంలో కొట్టుకుపోయాడు. మూడో రోజు పొద్దున ఇంటికొచ్చి ఆకలేస్తోందన్నాడు. ఆయన మర్చిపోయాడు, అమ్మ మర్చిపోలేదు. నేను వేటకు వెళతానన్నప్పుడు వద్దనలేక, తమ్ముణ్ణి పిలిచి, "వాడేం చేస్తున్నాడో చెబుతూ ఉండు. నేను వింటున్నానని మాత్రం చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు" అందట.

"ముందే చెప్పుంటే దారం నేనే కోసేవాణ్ణి కదా మామా!"

"కోసేవాడివా?"

ఆలోచించాను. "కాస్త తిట్టి కోసేవాణ్ణి."

"తిట్టావుగా, లెక్క సరిపోయింది" అన్నాడు మామ.

గుట్టు బయటపడ్డాక అమ్మకు మొహమాటం తీరిపోయింది. మామ కొత్త మైకుతోపాటు ఇంట్లోంచి మాట్లాడే రేడియో కూడా కొనిచ్చాడు. ఇప్పుడు ఆ చివర మామ, ఈ చివర అమ్మ. మధ్యలో నా బతుకు.

మొన్న మర్హూన్ విసిగిపోయి, "అమ్మా, మీరు కూడానా!" అని మొత్తుకున్నాడు.

"మర్హూన్, మీ ఆవిడ నా పక్కనే కూర్చుని ఉంది నాయనా" అంది అమ్మ. "దానితో ఒక్క మాట మాట్లాడు."

రేడియో గరగరమంది. తర్వాత, మర్హూన్‌దేనా అనిపించేంత చిన్న గొంతు. "గాలి తక్కువగానే ఉందోయ్. నేను బాగున్నాను."

ఆ తర్వాత అతను మైకు వదిలితే ఒట్టు. ఆ రోజు మామకి మాట్లాడే సందే దొరకలేదు.