మిగిలిన ఏడు రోజుల గోలీలు

నాలుగేళ్ల నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడం కన్నా, మోస్తున్నట్టు ఎవరికీ కనపడకుండా తిరగడమే విసుగు. నోటితో చెప్పలేకపోయాను. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో మీకు చెబుతున్నాను.

మా ఆయన, మేం బతకడానికి వలసొచ్చిన లింబాయత్‌లో, సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేస్తాడు. కరోనా మొదలయ్యే రోజుల్లో కడుపులో పుండు అన్నారు. ఏదో క్రిమి వల్ల వచ్చిందట. పద్నాలుగు రోజులు మందు మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వారానికే నొప్పి తగ్గింది. అంతలో లాక్‌డౌన్. మందుల షాపు దాకా పోవాలన్నా భయం. మళ్లీ నొప్పి వస్తే పనికొస్తాయని మిగిలిన గోలీలు పసుపు డబ్బా వెనక దాచాను.

“ఏందే, గోలీ ఇయ్యవా ఇయ్యాల?” అన్నాడు.

“ఒడిసినయ్. నొప్పి లేదు గద, ఇంకేంది?”

“గట్లనా. మంచిగయింది, నోరంత చేదుగున్నది.”

అంతే. మళ్లీ అడగలేదు. ఒక్కసారి అనుమానపడితే ఈయన సొమ్మేం పోయేది?

మరుసటి ఏడాది, ఆసుపత్రుల్లో మంచాలు దొరకని రోజుల్లో, కడుపు పట్టుకుని ముడుచుకుపోయాడు. పుండు చిల్లుపడింది. కరోనా పరీక్ష తేలేదాకా బయట బెంచీ మీదే ఉంచి, తర్వాత పొట్ట కోసి చిల్లు మూసి కుట్టారు. మొదటి మందు పూర్తిగా వాడాడా అని సర్జన్ నన్ను అడిగాడు. వాడాడన్నాను. అడగకపోయినా, మామిడికాయ తొక్కు పచ్చడి తెగ తింటాడు సార్ అని కూడా అన్నాను. తొక్కుతో చిల్లు పడదమ్మా అన్నాడు. విన్నాను. విని కూడా, ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ తొక్కు సంగతే చెప్పాను. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన మందు ఒక్క పూట తప్పనివ్వలేదు. దాంతో మొదటిది సరైపోతుందా?

ఆయన నమ్మాడు. తొక్కు మానేశాడు. నాకు మండేది అక్కడే. పొట్ట మీది గాటు ఎవరికైనా చూపిస్తూ, “నా నాలుకే నా కడుపు కోసింది” అని నవ్వుతాడు. ఇంత మంచితనం ఈయన్ని ఎవరడిగారు? ఒక్కరోజైనా నన్ను తిట్టొచ్చు కదా! ఏమని తిడతాడు, తెలిస్తే కదా.

నిన్న పప్పన్నంలోకి కాస్త తొక్కు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దే. మల్ల నీకే తిప్పలు.”

గరిటె విసిరికొట్టాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

గోలీలు ఆపింది నేను. తప్పు తొక్కు మీదికి నెట్టిందీ నేనే. రాసేసరికి గుండె కాస్త తేలికైంది. ఈ కాగితం మడవకుండా పసుపు డబ్బా మీదే పెడుతున్నాను. ఆయనకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే పెడుతున్నాను.