వెనక సీటు వకీలు

పరంజ్యోతికి కోపం వస్తుందని చెప్పేవాళ్లు ఆయన్ని ఎరగనివాళ్లు. రావాలంటే అది ముందు ఎక్కడికైనా పోయి ఉండాలి కదా! నంద్యాల నూనెపల్లెలో ఆయన తన రేకుల షెడ్డు తాళం తీసేటప్పటికే కోపం లోపల స్టూలు వేసుకుని కూర్చుని ఉంటుంది. ప్రపంచంలోని నూరు అన్యాయాల్లో తొంభై తొమ్మిదింటిని ఆయన ప్రభువుకు వదిలేశాడు. నూరోదాన్ని మాత్రం తన కిందే ఉంచుకున్నాడు. పాత కార్లలో గాలి వచ్చే గొట్టాలను మనుషులు పెట్టే హింస అది.

ఆయన ఇంజన్ జోలికి పోడు. టైరు ముట్టడు. "ఇంజన్ చెడితే కారు ఆగిపోతాది. గాలి చెడితే మనిషే ఆగిపోతాడు. ఏది ముందు చూడాల?" అని అడుగుతాడు. జవాబు చెప్పబోతే తిడతాడు. చెప్పకపోయినా తిడతాడు.

కారు వచ్చిందంటే యజమాని ముఖం చూడడు. లోపల కూర్చుని, అద్దాలన్నీ ఎత్తి, ఏసీ వేసి, గాలి వచ్చే కంతకు ముక్కు ఆనించి కళ్లు మూసుకుంటాడు. దూరం నుంచి చూసేవాళ్లకు ప్రార్థనలో ఉన్నట్టే కనిపిస్తాడు. తర్వాత వెలువడే మాటలు మాత్రం ఏ పరిశుద్ధ గ్రంథంలోనూ దొరకవు. తిట్లన్నీ అయ్యాక ఒక ప్రశ్న ఉంటుంది. "ఎనక సీట్లో ఎవురు కూచుంటారు?" ఈ ప్రశ్న ఎందుకో నంద్యాలలో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకసారి ప్రేమ్ సాగర్ అనే కాంట్రాక్టరు తన కారు తెచ్చాడు.

"వాసనేం లేదన్నా. మల్లెపూల సెంటు కొట్టినా."

"పాసిపోయిన వంకాయకూర మీద కొత్తిమీర చల్లి పెడితే తింటావా?"

"ఎందుకు తింటాను?"

"మరి నీ పిల్లోళ్లకెందుకు పెడతాండావు?"

ప్రేమ్ సాగర్ ఆనాటి నుంచి వంకాయ కూడా మానేశాడని వినికిడి.

ఉయ్యాలవాడ రైతు శ్రీనివాసులుది ఇంకో చరిత్ర. విత్తనాల వడ్ల మూటలు కారు నెత్తిన కట్టుకుని తిరిగేవాడు. మూటల్లోంచి రాలిన గింజలు ముందద్దం కింద వైపర్ల దగ్గరుండే జాలీలో పడ్డాయి. అక్కడ చెమ్మకు మొలకలెత్తాయి. పరంజ్యోతి ఆ పచ్చదనాన్ని చాలాసేపు చూశాడు. "నారు బాగా పోసినావప్పా. నాట్లెప్పుడు? కూలోళ్లను నేను పిలిపిస్తాలే!" అన్నాడు. ఆ గొంతుకు పక్క వీధిలో పడుకున్న కుక్క లేచి వేరే ఊరు చూసుకుంది.

ఇక నా సంగతి. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. నా కారు వయసు ఇరవై ఒక్కేళ్లు. ఏసీ వేస్తే తడిసిన గోనెసంచిలో ఎవరో కాపురం పెట్టిన వాసన వచ్చేది. ప్రాచీన వస్తువులకు ప్రాచీన వాసన ఉండడం సహజమని నేను సరిపెట్టుకున్నాను.

మా అత్తగారు కమలాక్షమ్మ గారిది ఆళ్లగడ్డ, శిల్పుల వీధి. నలభై ఏళ్లు రాతి దుమ్ము పీల్చినందుకు ఆయాసం పట్టుకుంది. పదిహేను రోజులకోసారి నంద్యాల డాక్టరుకు చూపించాలి. నేనే కారులో తీసుకొచ్చేవాణ్ణి. మూడు నెలలుగా ఆమె రావడం మానేసింది. మొదట మోకాలు నొప్పి అంది. తర్వాత వారం మంచిది కాదంది. ఆ తర్వాత "ఇప్పుడు బాగుండాది నాయనా" అంది. ఫోనులో మాటకూ మాటకూ మధ్య పిల్లికూతలు మాత్రం స్పష్టంగా వినిపించేవి.

"మనిషిని చూడకుండా మందులు మార్చనంటాండాడు డాక్టరు," అంది నా భార్య సుకన్య. "ముందు ఆ కారు వాసన పోగొట్టు. నేనే ముక్కు మూసుకుని కూచుంటాండా."

"మీ అమ్మ ఎప్పుడూ వాసన అనలేదే! నేనడిగితే కూడా లేదంది."

సుకన్య నావైపు చూసిన చూపును ఇక్కడ రాయడం లేదు. కారు నూనెపల్లెకు తోలాను.

పరంజ్యోతి ముక్కు ఆనించాడు. వెంటనే తీసేశాడు. ఆయన అంత త్వరగా ముక్కు తీసేయడం ఎవరూ చూడలేదట.

"ఎనక సీట్లో ఎవురు?"

"మా అత్తగారు."

"ఊపిరెట్లుంటాది?"

"ఆయాసం."

ఆయన ఒక్క తిట్టు కూడా లేకుండా స్క్రూడ్రైవరు అందుకున్నాడు. పక్కన టీ కొట్టు హన్నమ్మ ఏదో జరగబోతోందని గాజు గ్లాసులన్నీ లోపల పెట్టుకుంది. తర్వాత తవ్వకాలు మొదలయ్యాయి. చరిత్ర అధ్యాపకుడిగా ఒప్పుకోవాలి, పొరలు శాస్త్రీయంగానే బయటపడ్డాయి. పైపొరలో మా కాలేజీ వేపచెట్టు ఆకులు. కింద మా బావమరిది పెళ్లిలో కారు మీద చల్లిన అక్షింతలు, కుళ్లి నల్లబడిన బంతిపూలు. అవి నీళ్లు పోయే కంతను మూసేశాయి. ఆ మురుగులో తడిసి లోపల కూలింగ్ కాయిల్ అంతా బూజు. డ్యాష్‌బోర్డు సొరుగు వెనక, గాలి ఊదే ఫ్యాను పక్కన ఎలుక గూడు. అది నేను ఏడాదిగా వెతుకుతున్న జవాబు పత్రాలతో కట్టబడింది.

"అక్షింతలు మనుషుల నెత్తిన వేస్తారు సారూ! కారుకెందుకేసినారు? నూరేళ్లు బతకాలనా? ఇది కారు కాదు, బెలుం గుహ. ఆడ టికెట్టు పెట్టి చూపిస్తారు. నువ్వు ఆయమ్మను ఊరికే తిప్పుతాండావు!"

"ఆమె ఏమీ అనలేదన్నా."

ఎలుక గూడును చూసినట్టే నన్నూ చూశాడు. "యాడుంటాది ఆయమ్మ? పేరేంది?" అని అడిగి, చెప్పించుకుని, "పో. రేపు పొద్దున రా" అన్నాడు.

మర్నాడు తొమ్మిదికి వెళితే షెడ్డుకు తాళం. కారు లేదు. ఫోను కట్టేసి ఉంది.

"నీ కారా సారూ? ఆళ్లగడ్డ దిక్కు పోయినాడు," అంది హన్నమ్మ. "తిట్టుకుంటా పోయినాడులే. ఆరోగ్యంగానే ఉండాడు."

నాకు కోపం వచ్చింది. నాది మామూలు కోపం, నిజంగానే ఎక్కడినుంచో రావలసినది. అయినా పూర్తిగా వచ్చింది. నా కారును నన్నడక్కుండా నలభై కిలోమీటర్లు తోలుకుపోవడానికి ఈయనెవరు? బస్సెక్కాను. శిరివెళ్ల దాటేసరికి పోలీసు ఫిర్యాదు మొత్తం మనసులో రాసేశాను, విరామ చిహ్నాలతో సహా.

శిల్పుల వీధిలో ఉలులన్నీ ఆగిపోయి ఉన్నాయి. అందరూ నా కారు చుట్టూ నిలబడ్డారు. అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఏసీ తిరుగుతోంది. వెనక సీట్లో మా అత్తగారు. ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి పరంజ్యోతి. అద్దాలు మూసినా ఆయన గొంతుకు లెక్కలేదు. మా అత్తగారి మాట వినడానికి మాత్రం చెవి ఆనించాల్సి వచ్చింది.

"ఇప్పుడు వాసనుండాదా?"

"లేదు నాయనా."

"మొన్నటి దాకా?"

"ఎప్పుడూ లేదప్పా."

"అబద్ధం! నా చేతుల్తో ఎలక గూడు తీసినా పెద్దమ్మా! నువ్వు అబద్ధమాడతావు గానీ గూడు ఆడతాదా?"

మా అత్తగారు కొంగు అంచు సర్దుకుంది.

"ఉండె నాయనా," అంది ఆమె. "ఊపిరి ఆడేది కాదు. అల్లుడి కారు కదప్పా. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే ఏమనుకుంటాడో! అద్దం దించమంటే ఏసీ పోతాదని ఏమనుకుంటాడో! నా కోసం బిడ్డకూ అల్లుడికీ నడుమ మాటెందుకు? అందుకే మోకాలు నొప్పి అంటి."

"మోకాలితో పీలుస్తావా ఊపిరి!" అని అరిచాడు పరంజ్యోతి. ఆ అరుపులో ఏదో తేడా ఉంది. ఆయన చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. చెమట కావచ్చు. ఏసీ అయితే తిరుగుతూనే ఉంది.

నా ఫిర్యాదులో ఒక్క కామా కూడా గుర్తు రాలేదు. మెల్లగా తలుపు తీశాను.

"డోర్ ముయ్ సారూ! రాతిదుమ్ము వస్తాంది! పరీక్ష కాలేదింగా!"

మూశాను. నా కారు బయట ఎండలో నేను అరగంట నిలబడ్డాను. మా అత్తగారు ఒక్కసారి కూడా దగ్గలేదు. పరంజ్యోతి దిగి నాకు తాళం ఇచ్చి, "పెద్దమ్మ సంచీ సర్దుకుంటాది. ఈ పొద్దే డాక్టరు. తొందరగా!" అన్నాడు.

శిరివెళ్ల రాకముందే ఆమె వెనక సీట్లో నిద్రపోయింది. నా పక్కన కూర్చున్న పరంజ్యోతి నన్ను తిట్టడానికి నోరు తెరిచాడు. వెనక్కి తిరిగి చూశాడు. నోరు మూశాడు. పాపం, అంత సరుకు లోపల పెట్టుకుని ఎంతసేపుంటాడు? చివరికి నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా తిట్టడం మొదలుపెట్టాడు. "ఎనక సీటోళ్లు నోరు తెరిచి చెప్పరు, మనమే అడగాల. ఏపచెట్టు కింద ఆపినావంటే చూడు. దిగే ముందు ఏసీ ఆపి, ఉత్త ఫ్యాను రెండు నిమిషాలు తిప్పు, చెమ్మ ఆరతాది. ఇంగొకసారి పెళ్లికి ఈ కారు ఇచ్చినావంటే నీ నెత్తిన నేనే అక్షింతలేస్తా. చదువు చెప్పేటోడివంట, థూ..." ఆ 'థూ' కూడా గాలి మాత్రమే.

"సరే అన్నా," అన్నాను మామూలు గొంతుతో.

"నోర్ముయ్ సారూ," అన్నాడు గుసగుసగా, "పెద్దమ్మ లేస్తాది."