రేడియోలో లోపం లేదు

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో నాకు చిన్న రేడియో రిపేరు దుకాణం ఉండేది. ఒక సాయంత్రం రాజయ్య కాక తన పాత వాల్వుల రేడియో మోసుకొచ్చాడు. గనిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి అది కూలుతుందో లేదో చెప్పడం ఆయన పని. మా అక్క మొగుడు ఆయన షిఫ్టులోనే బొగ్గు నింపేవాడు.

“సప్పుడు సన్నగస్తుంది బిడ్డా” అన్నాడు కాక.

పాడైన కండెన్సర్లు మార్చి, కొత్త వాల్వు వేశాను. వార్తలు ఖంగున మోగాయి.

“ఇంకింత పెంచు.”

పెంచాను.

“ఇంకింత.”

ఎదురు హోటల్లో చాయ్ తాగేవాళ్లు “జర తగ్గియ్యే అన్నా!” అని అరిచారు. కాక మాత్రం రేడియోకు చెవి ఆనించి నిలబడ్డాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయనకూ అర్థమైపోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఎవ్వలకు చెప్పకు బిడ్డా. తెలిస్తే పనిల నుంచి తీసేస్తరు. నా నోట్లె మన్ను కొట్టకు.”

తలూపాను.

మర్నాడు పొద్దున బావ సైకిలు మీద కాకను వెనక కూర్చోబెట్టుకుని డ్యూటీకి పోతున్నాడు. “బావా!” అని పిలిచాను.

“ఏంది బామ్మర్దీ?”

వెనక నుంచి కాక నావైపే చూస్తున్నాడు.

“ఏం లేదు. పైలం” అన్నాను.

వాళ్లు షిఫ్టు దిగేదాకా నేను ఒక్క రేడియో విప్పలేదు, అన్నం ముట్టలేదు. మధ్యాహ్నం బావ సైకిలు బెల్లు వినబడ్డాక గాని ప్రాణం కుదుటపడలేదు.

ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాడు కూడా నేను చెప్పలేదు.