నాన్న విన్న లైవ్ వీడియో

మొన్నటి ఎండాకాలంలో, బర్మామైన్స్ పేటలో మా అత్త ఉండే సందును రోడ్డు కోసం కూల్చేస్తున్నారని తెలిసి, అదే ఊళ్ళో కద్మాలోని మా ఇంట్లో నాన్నా నేనూ ఫోను ముందు కూర్చున్నాం. అత్త నాన్నకు ఒక్కగానొక్క అక్క, ఒంటరి మనిషి. ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తడం లేదు. లోకల్ చానెల్ విలేకరి ఒకతను అక్కణ్ణుంచి లైవ్ పెట్టాడు.

నీటికాసులతో నాన్నకు చూపు పూర్తిగా పోయింది. విలేకరేమో "దేఖియే, దేఖియే!" అని గొంతు చించుకుంటున్నాడు. ఏం చూడాలో మాత్రం చెప్పడు. నాకు ఒళ్ళు మండింది.

"సెవిటోడి ముందు సంకం ఊదినట్టు, గుడ్డోణ్ణి సూడమంతాడేటి ఈడు?" నాన్న నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నువ్వు సెప్పవే. ఏటవుతంది?"

చెప్పడం మొదలుపెట్టాను. టీకొట్టు రేకులు పీకేశారు. పక్క గోడ పడింది. జనం సామాన్లు మోసుకుపోతున్నారు. అంతలో కెమెరా పక్కకి తిరిగింది. అత్త తన గుమ్మానికి అడ్డంగా నులకమంచం వేసుకుని, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎదురుగా బుల్డోజర్.

"ఆగిపోనావేటే?"

"నెట్ అటక్ గయా నాన్నా. బొమ్మ ఆగిపోనాది."

"బొమ్మాగిపోతే మాటెలాగ ఇనబడతంది? నాకు దొంగ మాటలు సెప్పకు. ఆడికే రాయి, సూసి సెప్పమని."

కామెంట్లో హిందీలో రాశాను. మా నాన్నకు చూపు లేదు, నీలం తలుపు ఇల్లు ఆయన అక్కది, దేఖియే అనకుండా అక్కడేం ఉందో చెప్పండి అని. తిట్ల, జేజేల మధ్య అది కొట్టుకుపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ.

విలేకరి కేకలు ఆగాయి. నా కామెంటు పైకి చదివాడు. తర్వాత గొంతు తగ్గించి, హిందీలోనే, నాన్నతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. "బాబాజీ, నీలం తలుపు ముందు ఒక అమ్మ మంచం మీద కూర్చుంది. ఆకుపచ్చ చీర. దెబ్బేమీ తగల్లేదు. లేడీ పోలీసు చెయ్యి పట్టి లేపుతోంది, ఆమె లేవడం లేదు. బుల్డోజర్ బాగా దగ్గరికొచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు."

నాన్న లేచాడు. చెప్పుల కోసం కాలితో నేలంతా తడుముతున్నాడు. "నేను వత్తన్నానని అక్కతో సెప్పమను."

"ఆ తొక్కిడిలోకా? పడిపోతావు నాన్నా!"

"రాయే!"

రాశాను. విలేకరి పరిగెత్తినట్టున్నాడు, బొమ్మంతా ఊగిపోయింది. "అమ్మా, మీ తమ్ముడు బయల్దేరాడట!" అని అరిచాడు. ఇంజను రొదలోంచి అత్త గొంతు వినబడింది. హిందీ మర్చిపోయి తెలుగులోనే అంటోంది.

"ఆడికి కళ్ళు లేవు బాబూ. ఈ జనంలోకి రావద్దని సెప్పు. ఇదిగో, నేనే లేత్తన్నాను."

నాన్న గుమ్మం పట్టుకుని ఆగిపోయాడు. "లేసిందేటే?"

"లేచింది నాన్నా. మంచం కూడా తీసేశారు."

"మరి ఇల్లు?"

గోడ పడుతుంటే, పడుతోందని చెప్పాను.