సారు పెట్టని సంతకం

మా ఇంట్లో కిరాయికి ఉండి వెళ్లిన సారు పోయాడని రెండు వారాల కింద బేస్తవారం కబురొచ్చింది. చనిపోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకున్నాను. ఒక్క సంతకం అడిగితే పెట్టలేదని ఏడేళ్లు ఆయనతో మాట్లాడలేదు.

సారుది సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి చేపల వేటకు పోయేవాడట. ఈయన ఉపగ్రహం రాడారుతో తీసిన సముద్రం ఫోటోలు చూసి, ఓడల నుంచి నూనె ఎక్కడ కారిందో కనిపెట్టే ఆఫీసులో పనిచేసేవాడు. పొద్దున్నే వాకిట్లో నిలబడి గాలి ఎటు వీస్తుందో చూశాకే చాయ్ తాగేవాడు.

ఆయన మా ఇంట్లో ఉన్నప్పుడే ఊరి పక్క ఫ్యాక్టరీ కాలువ మా చెరువులో కలిసింది. నా రెండెకరాల వరి మాడిపోయింది. ఒకనాడు సారు చేతిలో మా ప్రాంతం రాడారు ఫోటో చూశాను. చెరువు బొగ్గులా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సారూ, గిదే సాక్ష్యం. చెర్వుల నూనె ఉన్నదని రాసి సంతకం పెట్టు. దఫ్తర్ల మొఖాన కొడత."

సారు పల్లినూనె తెచ్చి, పశువుల గోలెంలో రెండు చుక్కలు వేసి, వంగి ఊదాడు. నీళ్ల మీద సన్నటి అలలు లేచాయి. నూనె పరుచుకున్న చోట లేవలేదు.

"రాడారుకు కనపడేది అలలేనండీ. అల లేని చోటు నల్లగా వస్తుంది." ఊదడం ఆపాడు. గోలెమంతా నున్నగా అయింది. "ఇప్పుడు నూనె ఎక్కడుందో చెప్పండి పటేల్ గారూ."

"నా బర్రెనడుగు, చెప్తది."

సారు నవ్వి, ఫోటోలో పక్క ఊరి మంచినీళ్ల చెరువు చూపించాడు. అదీ నల్లగానే ఉంది.

"ఆ రోజు గాలి లేదండి. నల్లగా ఉన్నదంతా నూనె అని నేను రాయను. రాస్తే రేపు మీరు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు."

"గట్లయితే నా ఇల్లు ఖాళీ చెయ్."

వారంలో సంగారెడ్డికి మారాడు. పోయే ముందు గోలెం కడిగి, కొత్త నీళ్లు నింపి పోయాడు.

మొన్న దినాలకు వెళ్తే ఆయన భార్య ఒక సంచి ఇచ్చింది.

"మీకివ్వమన్నారండి. మీ కంటపడితే తిడతారని చాటుగా వచ్చి నీళ్లు పట్టుకెళ్లేవారు."

సంచిలో మైనంతో మూసిన రెండు సీసాలు, ఒకటి చెరువు నీళ్లది, ఒకటి కాలువ నీళ్లది; ఇంకా ఒక కాగితాల కట్ట. ఏటా కాలువ నీళ్లు, చెరువు నీళ్లు పట్టి, పరీక్ష చేయించి, కాలుష్యం చూసే దఫ్తరులో అర్జీ పెట్టాడు. ప్రతి కాగితం మీదా ఆఫీసు ముద్ర ఉంది. దేనికీ జవాబు లేదు. నేను చదివింది తక్కువే, కానీ కింద ఉన్నది సారు సంతకమని గుర్తుపట్టాను. ప్రతి అర్జీ కిందా ఉంది.

మాఫీ అడగడం నాకు చేతగాదు. ఇంటికొచ్చి బర్రెలను దూరంగా కట్టేసి, చెరువు నీళ్ల సీసా గోలెంలో వంపాను. సారులాగే వంగి, ఊపిరి అందనంతగా ఊదాను. ఒక్క అల కూడా లేవలేదు.

దఫ్తరు సార్లూ, రెండో సీసా, కాలువ నీళ్లది, నా దగ్గరుంది. వచ్చే సోమవారం లోపు చెప్పండి. మా చెరువులో ఉన్న నూనె ఎవరిది?