ముప్ఫై మందికి ఒక కార్డు

మా లైన్లో కుట్టు మిషన్ల మీద ముప్ఫై మందిమి, అందరం ఆడవాళ్ళమే. బాత్రూంకు పోవడానికి మా అందరికీ కలిపి ఒకటే కార్డు. అరచేయంత ఎర్ర ప్లాస్టిక్ కార్డు, దానికో తాడు. లైన్ లీడర్ బల్ల పక్కన కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. పోవాలనిపించిన మనిషి లేచి లీడర్‌ను అడిగి, కార్డు మెళ్ళో వేసుకుని పోయి, వచ్చి మళ్ళీ కొక్కేనికి తగిలించాలి. అది తిరిగొచ్చేదాకా రెండో మనిషి కదలకూడదు. కార్డు లేకుండా ఎవరైనా బయట కనిపిస్తే తిట్లు ఆమెకు కాదు, లీడర్‌కు. ఆ లీడర్‌ను నేనే.

తడ దగ్గర బూట్లు కుట్టే ఫ్యాక్టరీ మాది. పొద్దున ఐదున్నరకు దొరవారిసత్రంలో కంపెనీ బస్సు ఎక్కుతాం, పొద్దు వాలేసరికి అదే బస్సు దిగుతాం. ఇదంతా నరకమని నేను చెప్పబోవడం లేదు. అట్లా చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళుమంట. బస్సు టయానికి వస్తుంది, క్యాంటీన్లో సాంబారు బాగుంటుంది, జీతం ఆలస్యం కాదు, పీఎఫ్ ఉంది. కంపెనీ రాకముందు మా ఊళ్ళో ఆడదానికి దొరికే పని నాట్లు, కలుపు, కోత. అవీ ఏడాదిలో కొన్నాళ్ళే. అయితే నాట్లకు పోయిన రోజుల్లో గట్టు చాటుకు పోవడానికి నేను ఎవరినీ అడిగింది లేదు. దానికీ పర్మిషన్ ఉంటుందని ఫ్యాక్టరీలో చేరాకే తెలిసింది.

ఈ కార్డు రూలు ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నది వేరే. మంచినీళ్ళు, మరుగుదొడ్లు కార్మికులందరికీ అన్నివేళలా అందుబాటులో ఉంటాయని మా హాలు గోడ మీద తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో పెద్ద బోర్డు ఉంది. ఆ బోర్డు కిందే మా కొక్కెం. రాసిన రూలైతే దాన్ని చూపించి పోట్లాడొచ్చు. నోటిమాట రూలుతో ఎట్లా పోట్లాడేది? సూపర్‌వైజర్‌ను అడిగితే, "కార్డు పెట్టమని నేనెప్పుడన్నాను, లైన్ ఆగకూడదన్నాను, అంతే" అంటాడు. పైనున్న మేనేజర్‌కు అసలు కార్డు సంగతే తెలియదు, గంటకు ఎన్ని జతలు వచ్చాయన్నదే తెలుసు. ఒక మనిషి లేచి పోతే ఆమె మిషన్ దగ్గర పని పేరుకుంటుంది, నిజమే. లైనుకు ఒక్క మనిషిని అదనంగా పెడితే ఆ ఇబ్బంది తీరిపోతుంది. ఆ ఒక్క జీతం మిగుల్చుకోవడానికి ముప్ఫై మంది ఉగ్గబట్టుకుని కూర్చోవాలి. ఆర్థిక న్యాయం గురించి మేడే మీటింగుల్లో చాలా పెద్ద మాటలు విన్నాను. నాకైతే అవేవీ అక్కర్లేదు, ఆ ఒక్క మనిషిని పెడితే చాలు.

దీనికి మా ఆడవాళ్ళు కనిపెట్టిన ఉపాయం నీళ్ళు మానెయ్యడం. పొద్దున నిండు సీసా తెచ్చుకుంటారు, సాయంత్రం నిండు సీసానే ఇంటికి పట్టుకుపోతారు. ఎండాకాలంలోనూ అంతే. ఆ నీళ్ళతో మా వీధిలో కరివేపాకు చెట్లు మాత్రం ఏపుగా పెరుగుతున్నాయి. నెలసరి రోజుల్లో పడే పాట్లు రాయను. ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు, రోడ్డు పక్కన ఎక్కడ పడితే అక్కడ నిలబడే మగవాళ్ళకు చెప్పినా ఎక్కదు.

లీడర్ కాకముందు ఆ కార్డును అందరికంటే ఎక్కువగా తిట్టిపోసింది నేనే. లీడర్‌నైన మొదటి రెండు రోజులు ఇద్దరినీ ముగ్గురినీ ఒకేసారి పంపాను. మూడో రోజు సూపర్‌వైజర్ నన్ను హాలు మధ్యలో నిలబెట్టి, "చేతకాకపోతే చెప్పు, మళ్ళీ మిషన్ మీద కూర్చోబెడతా" అని అందరి ముందూ అరిచాడు. నెల తిరిగేసరికి, "ఇప్పుడే కదా పోయొచ్చినావు" అనే మాట నా నోటెంట రావడం మొదలైంది. అది అన్నది నేనేనని ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక అక్క ఉంటుంది. చుట్టం కాదు, నాకంటే పదేళ్ళు పెద్ద. ఈ పనిలో నన్ను పెట్టించింది ఆమే, తోలు మీద సూది జారకుండా కుట్టడం నేర్పింది ఆమే. ఇప్పుడు నా లైన్లో మూడో మిషన్ ఆమెది. పోయిన ఎండాకాలం ఒకరోజు మధ్యాహ్నం ఆమె వచ్చి కార్డు అడిగింది. కార్డు బయటుంది. కాసేపటికి మళ్ళీ అడిగింది. కార్డు కొక్కేనికే ఉంది గానీ, ఆ గంట జతలు తక్కువ పడి నేను కంగారులో ఉన్నాను. "కొంచెం ఓర్చుకో అక్కా" అన్నాను. ఆమె ఓర్చుకుంది. మళ్ళీ అడగలేదు. సాయంత్రం బస్సులో చెయ్యి తగిలితే ఒళ్ళు కాలిపోతోంది. సూళ్ళూరుపేటలో దింపి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

మూత్రంలో ఇన్ఫెక్షన్ అని, కిడ్నీ దాకా పాకిందని డాక్టరమ్మ చెప్పింది. "ఇదివరకు కూడా వచ్చుంటుందే. ఇట్లాగే సాగితే కిడ్నీ పాడైపోతుంది. నీళ్ళెందుకు తాగవమ్మా?" అని గట్టిగానే అడిగింది.

"పనిలో పడి మర్చిపోతుంటానమ్మా" అంది అక్క. నేను పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

బయట ఆటో కోసం నిలబడి ఉన్నప్పుడు నేనే మాట ఎత్తాను. "అక్కా, వచ్చే నెల ఆడిట్ ఉండాది. బూట్లు కొనే ఫారినోళ్ళు వచ్చి ఒక్కొక్కరినే లోపలికి పిలిచి అడుగుతారు. వాళ్ళంటే మన కంపెనీవోళ్ళకు భయం. ఈసారి కార్డు సంగతి చెప్పేద్దాం. నిన్నడిగితే నువ్వు చెప్పు, నన్నడిగితే నేను చెప్తా."

"నిజంగా చెప్తావా మే?"

"చెప్తా. నీ మీద ఒట్టు."

ఆ రోజు నేను అబద్ధమాడలేదు. చెప్పాలనే అనుకున్నాను.

ఆడిట్‌కు వారం ముందు గోడలకు రంగు వేశారు, బాత్రూముల్లో సబ్బులు వచ్చాయి. కార్డును సొరుగులో పెట్టమన్నారు. హెచ్చార్ సారు లీడర్లందరినీ పిలిచి టీ ఇప్పించాడు. కోప్పడలేదు, చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఎవరేం చెప్పినా మాకేం నష్టం లేదమ్మా. కాకపోతే ఏ లైన్లో ఆడవాళ్ళకు ఇబ్బంది ఉందని తేలితే ఆ లైన్ లీడర్‌ను తీసేసి చూపించాల్సి వస్తుంది" అన్నాడు. మా ఇంట్లో నెలనెలా వచ్చే జీతం నాదొక్కటే. మా ఆయన మేస్త్రీ వెంట పోతాడు గానీ, పిలుపు వస్తేనే పని. ఈ సంగతి అక్కకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు తెలుస్తుందని అప్పుడు నాకు తోచలేదు.

ఆడిట్ రోజు ఒక తెల్లజుట్టు దొరసాని, ఆమె మాట తెలుగులో చెప్పడానికి మద్రాసు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లైన్ల మధ్య నడుస్తూ, ఈమె, ఈమె అని వేలితో చూపిస్తూ పోయారు. మా లైన్లో అక్కను పిలిచారు. పావుగంటకు బయటికి వచ్చింది. నా ముఖం చూడకుండా పోయి మిషన్ మీద కూర్చుంది. తర్వాత నన్ను రమ్మన్నారు.

గది చల్లగా ఉంది. పేరు రాసుకోబోమని, ఇక్కడి మాట బయటికి పోదని మద్రాసు అమ్మాయి చెప్పింది. భోజనం గురించి, ఓవర్‌టైం గురించి అడిగి, చివరికి ఆ ప్రశ్నే అడిగింది. "బాత్రూంకు పోవాలంటే ఎవరి పర్మిషన్ అయినా తీసుకోవాలా?"

అక్క చెప్పేసి ఉంటే నేను చెప్పకపోయినా ఒకటే అనుకున్నాను. ఆమె చెప్పకుండా ఉండి ఉంటే నేనొక్కదాన్నే చెప్పి ఉద్యోగం పోగొట్టుకోవడం ఎందుకనుకున్నాను. ఎటు తిరిగినా నోరు మూసుకోవడానికే కారణం దొరికింది.

"అక్కర్లేదు మేడం. ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చు" అన్నాను. దొరసాని నవ్వి, కాగితం మీద టిక్కు పెట్టుకుంది.

సాయంత్రం బస్సులో అక్క నా పక్కనే కూర్చుంది. సూళ్ళూరుపేట దాటాక నెమ్మదిగా, "నేను లేదనే చెప్పేసినా మే" అంది.

"ఎందుకక్కా?"

"ఉండాది అంటే కార్డు ఎవరిస్తారని అడుగుతారు గదా. నీ పేరు నా నోటితో ఎట్లా చెప్పేది? లీడర్‌ను తీసేస్తారంట గదా, నీ ఉద్యోగం తీసిన పాపం నాకెందుకు? ఎటూ నువ్వు చెప్తానన్నావు. నీ అంతట నువ్వు చెప్పుకుంటే అది వేరే, వాళ్ళు నిన్నేమీ అనలేరులే అనుకున్నా." నా వైపు తిరిగింది. "నిన్నూ పిలిచినారు గదా. అడిగినారా?"

ఆమె కళ్ళ కింద జబ్బు తెచ్చిన వాపు ఇంకా తగ్గలేదు.

"నన్ను ఆ మాట అడగలేదక్కా" అన్నాను.

"పోనీలే. అడిగుంటే చెప్పుండేదానివి" అని అక్క కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

మర్నాడు పొద్దున కార్డును సొరుగులోంచి తీసి కొక్కేనికి తగిలించింది నేనే. మా లైన్‌కు ఆడిట్‌లో మంచి మార్కులు వచ్చాయని అందరికీ స్వీట్లు పంచారు. అక్క ఇప్పటికీ మూడో మిషన్ మీదే ఉంది. డాక్టరమ్మ రాసిన మాత్రలు వేసుకోవడానికి రెండు గుక్కల నీళ్ళు తాగుతుంది, అంతే. పోయిన వారం కొత్తగా చేరిన ఒకామె కార్డు దొరక్క విసుక్కుని, ఈ లీడర్లు కంపెనీ మనుషులు, మన బాధ వీళ్ళకేం పట్టుద్ది అని గొణిగింది. అక్క మిషన్ ఆపి వెనక్కి తిరిగింది.

"ఆమెననొద్దు మే" అని కసిరింది. "ఆడిట్‌లో ఆమెనడగలేదు గాని, అడిగుంటే అంతా చెప్పుండేది."

నేను విననట్టే లెక్క రాసే బోర్డు దగ్గరికి పోయి ఆ గంటలో వచ్చిన జతలు రాశాను.